ఎడమ చేతి కడియం

తాళం వేసి తీర్థయాత్రకు వెళ్లిన వాళ్ల ఇంట్లో బీరువా పగలగొట్టి యాభై తులాల బంగారం ఎత్తుకుపోయినా, చట్టం దృష్టిలో అది దోపిడీ కాదు. ఊరి చివర కల్వర్టు దగ్గర, కూలికి పోయి వస్తున్న మనిషిని అడ్డగించి, రెక్కలు విరిచిపట్టుకుని, జేబులో ఉన్న నూటయాభై రూపాయలు లాక్కుంటే అది దోపిడీ. పోయిన సొమ్ము ఎంత అన్న ప్రశ్నే ఇక్కడ రాదు. మనిషి మీద చెయ్యి పడిందా, పడుతుందన్న భయం పుట్టిందా, పుడితే ఎప్పుడు పుట్టింది, దేనికోసం పుట్టించారు? కోర్టు అడిగేవి ఇవే.

ఈ ప్రశ్నలన్నిటినీ ఒకే సెక్షన్లో, అరపేజీకి మించని చోట, ఒకదానికొకటి అడ్డం రాకుండా అమర్చారు. భారత శిక్షాస్మృతిలో అది 390. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చాక 309 అయింది. నంబరు మారింది, శిక్షల సెక్షన్లను కూడా తెచ్చి అందులోనే ఉపసెక్షన్లుగా కలిపారు. నిర్వచనం జోలికి మాత్రం దాదాపుగా పోలేదు. నూట అరవై ఏళ్లు దాటిన వాక్యాలను కొత్త చట్టం రాసినవాళ్లు కూడా కదిలించలేదంటే, ఆ వాక్యాలు ఎలా కట్టారో ఒకసారి దగ్గరగా చూడాలి. లా కాలేజీల్లో దీన్ని నాలుగు పాయింట్లుగా బట్టీ పట్టిస్తారు. అలా చదివితే పరీక్ష గట్టెక్కుతుంది గానీ పనితనం కనపడదు.

ఈ పనితనం వెనకున్న మనిషి థామస్ బాబింగ్టన్ మెకాలే. ఆ పేరు వినగానే మనవాళ్లకు గుర్తొచ్చేది 1835 నాటి విద్యా మినిట్, మన భాషల మీద, మన పుస్తకాల మీద అతను చూపిన చిన్నచూపు. ఆ కోపం న్యాయమైనదే, నాకూ ఉంది. కానీ అదే మనిషి 1834లో మద్రాసులో ఓడ దిగి, మొదటి లా కమిషన్‌కు అధ్యక్షుడై, 1837 నాటికి దేశం మొత్తానికీ వర్తించే నేరస్మృతి ముసాయిదా రాసి పెట్టాడు. మద్రాసు నుంచి మాక్లియోడ్, బొంబాయి నుంచి ఆండర్సన్, వాళ్లతోపాటు కామెరాన్ సభ్యులుగా ఉన్నారు. సభ్యులు జబ్బుపడటంతో భారం చాలావరకు మెకాలే మీదే పడింది. అప్పటిదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో, అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాల్లో కూడా, కంపెనీ కోర్టులు నడిపింది ఇస్లామిక్ నేరచట్టానికి రెగ్యులేషన్ల మాసికలు వేసి. ముసాయిదా ఇరవై ఏళ్లకు పైగా మూలన పడి ఉంది. 1857 దాటాక గాని దానికి చట్టం రూపం రాలేదు. బార్న్స్ పీకాక్ చేతుల్లో సవరణలు పొంది 1860 అక్టోబరు 6న చట్టమై, 1862 జనవరి 1న అమల్లోకి వచ్చింది. పరాయి పాలకులు తమ పాలన సాఫీగా సాగడానికి రాసుకున్న చట్టమే అది. అయినా వాక్యం వాక్యమే. చెక్కినవాడి మీద అభిమానం లేకపోయినా చెక్కడం చూడొచ్చు.

దోపిడీ నిర్వచనం దొంగతనంతో మొదలవుతుంది కాబట్టి ముందు అక్కడికి వెళ్లాలి. పాత 378, ఇప్పటి 303. ఒకరి స్వాధీనంలో ఉన్న చరాస్తిని, వాళ్ల సమ్మతి లేకుండా, దురుద్దేశంతో తీసుకోవాలనుకుని, అందుకోసం ఆ వస్తువును కదిలిస్తే దొంగతనం. కదిలిస్తే చాలు! ఎత్తుకుపోనక్కర్లేదు, గుమ్మం దాటనక్కర్లేదు. దీనికి మెకాలే ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి నాకు ఎప్పుడూ నచ్చుతుంది. ఒక ఎద్దు వీపు మీద నగల పెట్టె మోసుకుని పోతోంది. ఒకడు ఆ నగల కోసం ఎద్దును తనకు కావలసిన దిక్కుకు తోలాడు. ఎద్దు అడుగు కదిపిన క్షణంలోనే నగల దొంగతనం పూర్తయింది. వాడు పెట్టెను ముట్టుకోనే లేదు. జంతువును కదిలిస్తే, దాని మీదున్నదాన్నీ కదిలించినట్టే అని పైన ఒక వివరణ పెట్టి, కింద ఎద్దుతో దాన్ని నడిపించి చూపాడు.

ఇంకో ఉదాహరణ గడియారం రిపేరుది. గడియారాన్ని బాగుచేయమని షాపులో ఇచ్చినవాడు, బాకీ ఏమీ లేకుండానే షాపులోకి బాహాటంగా వెళ్లి షాపువాడి చేతిలోంచి దాన్ని బలవంతంగా లాక్కుంటే అది దొంగతనం కాదు. దౌర్జన్యం కావచ్చు, అక్రమ ప్రవేశం కావచ్చు. అదే రిపేరు డబ్బులు బాకీ ఉండి, షాపువాడు ఆ బాకీ కింద గడియారం అట్టిపెట్టుకుంటే, దాన్ని ఎగ్గొట్టడానికి సొంత గడియారాన్నే తీసుకుపోయినవాడు దొంగ. వస్తువు ఎవరిదన్నది కాదు, ఎవరి స్వాధీనంలో ఉంది, ఏ బుద్ధితో తీశారన్నదే లెక్క. ఇది దోపిడీ దాకా నడిచొస్తుంది. నాదే అని నిజంగా నమ్మి లాక్కున్నవాడు ఎంత కొట్టినా దోపిడీదారు కాడు. కొట్టినందుకు కొట్టిన కేసు ఉంటుంది, అంతే.

చట్టం లోపలే ఇలాంటి చిన్న కథలు పెట్టడం ఆ రోజుల్లో కొత్త. కథల్లో నేరం చేసేవాడు సాధారణంగా ఏ, నష్టపోయేవాడు జెడ్. వాళ్లకు కులం లేదు, ఊరు లేదు, ముఖం లేదు. కానీ వాళ్ల చేతుల్లో పర్సులు, ఉంగరాలు, పిస్తోళ్లు, జేబులో కుక్కకు చూపే తాయిలం కూడా ఉంటాయి. సూత్రం ఎక్కడ తెగుతుందో సూత్రంలో చెబితే పది మంది పది రకాలుగా చదువుతారు. కథలో చూపిస్తే వాదించే చోటు తగ్గుతుంది.

ఇప్పుడు 390. మొదటి వాక్యం చాలా చిన్నది. ప్రతి దోపిడీలోనూ దొంగతనమో, బెదిరింపు వసూలో ఉంటుందని చెబుతుందది. అంటే దోపిడీకి సొంత ఇటుకలు లేవు. చట్టంలో అప్పటికే ఉన్న రెండు నేరాలను తీసుకుని, వాటికి హింసో, తక్షణ భయమో తోడైనప్పుడు ఏర్పడే మూడో నేరమిది. కొత్త నిర్వచనం మొదటి నుంచీ రాయకుండా ఉన్నదాని మీద కట్టడం వల్ల వాక్యం పొట్టిగా వచ్చింది. దొంగతనం గురించి కోర్టులు తేల్చినదంతా దోపిడీకి దానంతటదే వర్తిస్తుంది.

అయితే రెండు ఎందుకు? సమ్మతి లేకుండా తీసుకుంటే దొంగతనం. భయపెట్టి, ఆ భయంతో వాళ్ల చేతులతోనే ఇప్పించుకుంటే బెదిరింపు వసూలు. పుస్తకంలో తేడా స్పష్టంగానే ఉంది. రోడ్డు మీద? దీనికి మెకాలే ముసాయిదాకు జతచేసిన నోట్స్‌లో ఒక దృశ్యం వేశాడు. అది చట్టంలోకి ఎక్కలేదు గానీ, నా మటుకు నాకు ఈ సెక్షన్ తాళంచెవి అదే. ఒకడు దారినపోయేవాణ్ణి పట్టుకుని, ఉన్నదంతా ఇవ్వకపోతే చంపుతానని, ఒంటిమీద నగలు ఊడబెరకడం మొదలుపెడతాడు. అవతలివాడు హడలిపోయి, అన్నీ తీసుకో, ప్రాణం మాత్రం వదిలెయ్ అని బతిమాలుతూ, తానే ఓ చెయ్యి వేసి నగలు తీసి ఇస్తాడు. వాడు లాక్కున్నవి దొంగతనం కింద, వీడు తీసి ఇచ్చినవి బెదిరింపు వసూలు కింద. అలా లెక్కేస్తే కుడి చేతి కడియం దొంగతనం, ఎడమ చేతి కడియం బెదిరింపు వసూలు కావచ్చు. మొలలోని రూపాయలు ఒకటి, తలపాగాలోని రూపాయలు ఇంకొకటి. నూటికి తొంభై దోపిడీల్లో జరిగేది ఇదేననీ, కాసేపయ్యాక ఏది లాక్కున్నాడో ఏది ఇచ్చాడో దోచినవాడికీ గుర్తుండదు, దోపిడీకి గురైనవాడికీ గుర్తుండదనీ, న్యాయం జరగడానికి ఆ లెక్క అక్కర్లేదనీ అతని వాదన. రొమ్ముకు పిస్తోలు ఆనించినవాడికి ఇచ్చే సమ్మతి సమ్మతే కాదు.

ఇందులో నాకు నచ్చేది తర్కం కంటే ముందు పరిశీలన. భయపడ్డ మనిషి చేతులు ఏం చేస్తాయో ఆలోచించి రాశాడు. మెడలో గొలుసు దొంగ చేతికి రాకపోతే కొక్కెం తానే విప్పి ఇచ్చే ఆడవాళ్లు ఉంటారు, మెడ తెగుతుందన్న భయంతో. రేపు సాక్షి బోనులో నిలబెట్టి, మీరు ఇచ్చారా, వాడు లాక్కున్నాడా అని డిఫెన్స్ లాయరు నిలదీస్తే ఆవిడ ఏం చెబుతుంది? ఏం చెప్పినా కేసు నిలబడేలా సెక్షన్ కట్టారు. ఇచ్చానన్నా దోపిడీయే, లాక్కున్నాడన్నా దోపిడీయే.

రెండు దారులున్నాయి కాబట్టి రెండు దారులకూ గేట్లు వేరువేరుగా పెట్టాల్సి వచ్చింది. దొంగతనం వైపు గేటు ఇది: దొంగతనం చేయడానికి గానీ, చేస్తుండగా గానీ, తీసిన సొత్తును పట్టుకుపోతూనో పోబోతూనో గానీ, నేరస్తుడు ఆ పని కోసమే, కావాలని, ఎవరికైనా మరణం, గాయం, అక్రమ నిరోధం కలిగించాలి, లేదా కలిగించబోవాలి, లేదా అవి అప్పటికప్పుడు జరుగుతాయన్న భయం పుట్టించాలి. ఇంగ్లిషులో ఇదంతా ఒకే వాక్యం, ఎన్నో ‘లేదా’లతో. కానీ వాక్యం మధ్యలో ‘ఆ పని కోసమే’ అని ఒక చిన్న పదబంధం ఉంది. వడ్రంగి రెండు దూలాలను కలిపి దిగ్గొట్టే చీల లాంటిదది. తీసేస్తే రెండూ విడిపోతాయి. ఒకవైపు దొంగతనం, ఇంకోవైపు దెబ్బ, రెండూ ఒకే చోట, ఒకే మనిషి చేతుల్లో జరిగినా దోపిడీ కాకుండా పోతుంది.

ఎలాగో చూడటానికి పాత కేసులు ఉన్నాయి. 1843 నాటి ఇంగ్లండ్ కేసొకటి మన న్యాయ వ్యాఖ్యానాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. బుట్టను కొట్టేయాలని దానికి కట్టిన తాడును ఒకడు కోస్తున్నాడు. సరిగ్గా అప్పుడే యజమాని బుట్టను పట్టుకోబోతే కత్తి మణికట్టుకు తగిలింది. నెత్తురొచ్చింది. అయినా దొంగతనమే అన్నారు. కత్తి తాడు కోసం ఆడింది, మనిషి కోసం కాదు. గాయం కావాలని చేసింది కాదు, దొంగతనం సాగడానికి చేసింది అంతకంటే కాదు. 1866లో కలకత్తా హైకోర్టు దగ్గరకొచ్చిన ఇంకో కేసులో ఒకామె ముక్కుకున్న నత్తు లాగేస్తే ముక్కుపుటం చిరిగి రక్తం కారింది. అది దోపిడీ అన్నారు. నత్తును అలా లాగితే ముక్కు చిరగకుండా రాదు. లాగడమూ చీల్చడమూ ఒకటే పని. అదే ఏడాది ఇంకో కేసు మామిడికాయలది. చెట్టు మీద కాయలు దొంగతనంగా కోస్తుంటే యజమాని వచ్చి పట్టుకున్నాడు. ఒకడు కర్రతో కొడితే ఆయన స్పృహ తప్పి పడిపోయాడు. కాయలు నాలుగు రూపాయలు చేస్తాయో లేదో, నేరం మాత్రం దోపిడీ.

ఈ మామిడికాయల కథను కాస్త మార్చండి. యజమాని అరిచాడు. దొంగలు కాయలు అక్కడే పడేసి పరుగెత్తారు. వెంటపడితే రాళ్లు రువ్వారు, ఆయన తల పగిలింది. తల పగలడం కర్ర దెబ్బ కంటే తక్కువేం కాదు. కానీ రాయి విసిరింది కాయల కోసం కాదు, తప్పించుకోవడానికి. చీల ఊడిపోయింది. ఇది దొంగతనం, దాని పక్కన గాయపరచిన నేరం. పాత హైకోర్టుల నుంచి ఇప్పటిదాకా ఈ గీతను కోర్టులు గట్టిగానే పట్టుకున్నాయి. విన్నవాళ్లకు ఇది వెంట్రుకవాసి తేడాలా అనిపిస్తుంది. కానీ దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు, దోపిడీకి పదేళ్లు. ఆ వెంట్రుకవాసి విలువ ఏడేళ్ల జైలు.

అరెస్టు నుంచి తప్పించుకోవడానికి కొట్టినవాణ్ణి దోపిడీ నుంచి మినహాయించడం మెతకదనమని అనేవాళ్లున్నారు. నాకలా తోచదు. తప్పించుకోవడానికి కొట్టడం ఏ నేరానికైనా వచ్చే తోక. దోపిడీ చెడ్డతనం అంతా హింసను పనిముట్టుగా వాడటంలో ఉంది. మనిషి ఒంటి మీద దెబ్బను డబ్బు చేసుకోవడంలో ఉంది. ‘ఆ పని కోసమే’ అన్న మూడు మాటలూ పట్టుకున్నది దాన్నే.

కాలం విషయంలో ఈ సెక్షన్ ముందుచూపు ఎంతో తెలియాలంటే ఇంగ్లండ్ సొంత చట్టంతో పోల్చాలి. అక్కడి 1968 నాటి థెఫ్ట్ యాక్టు ఎనిమిదో సెక్షన్ ప్రకారం బలప్రయోగం దొంగతనానికి సరిగ్గా ముందో, చేసేటప్పుడో జరగాలి. తర్వాత అన్న మాట లేదు. ఇద్దరు దొంగలు ఒకామె ఇంట్లో దూరారు. ఒకడు మేడ మీదకెళ్లి నగల పెట్టె తీసుకున్నాడు, ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఆమెను కట్టేశారు. పెట్టె చేతికొచ్చాక కట్టేశారు కాబట్టి దోపిడీ కాదని వాదన. 1978లో అక్కడి అప్పీలు కోర్టు, తీసుకోవడం అన్నది ఒక క్షణంతో ముగిసేది కాదు, కొనసాగే పని అని చెప్పి కష్టపడి శిక్ష నిలబెట్టాల్సి వచ్చింది. మన సెక్షన్‌కు ఆ తిప్పలు లేవు. సొత్తు పట్టుకుపోతున్నప్పటి హింస కూడా లెక్కలోకి వస్తుందని 1860లోనే రాసి ఉంది.

1976లో మన సుప్రీంకోర్టు చూసిన ఒక కేసు సరిగ్గా ఇక్కడ సరిపోతుంది. రైల్లో ఒక ప్రయాణికుడి చేతి గడియారం లాగేశారు. ఆయన కేకలు పెడితే నిందితుల్లో ఒకడు చెంప మీద కొట్టాడు. గడియారం అప్పటికే చేతులు మారింది కదా అన్న వాదన నిలవలేదు. ఆ చెంపదెబ్బ ఆ గడియారం పట్టుకుపోవడానికే. ఒక్క చెంపదెబ్బ దొంగతనాన్ని దోపిడీగా మార్చేసింది.

ఇక్కడ ఒక ఇబ్బంది లేకపోలేదు. పట్టుకుపోవడం ఎప్పటితో ముగుస్తుంది? వారం తర్వాత సంతలో తన సైకిల్ మీద తిరుగుతున్న దొంగను యజమాని గుర్తుపట్టి హ్యాండిల్ పట్టుకుంటే, వాడు కొడితే? పట్టుకుపోవడం ఎప్పుడో అయిపోయిందని, అది ఇప్పుడు దగ్గరుంచుకోవడమని నా అభిప్రాయం. సెక్షన్ ఆ గడువు చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదనుకుంటాను. గంటలు, మైళ్లు రాసి ఉంటే బండ్లు మారిన ప్రతిసారీ చట్టం మార్చాల్సి వచ్చేది.

బెదిరింపు వసూలు వైపు గేటు ఇంకా ఇరుకు. నేరస్తుడు ఎదుట ఉండాలి. భయం అప్పటికప్పుడు జరిగే చావుకో, దెబ్బకో, నిరోధానికో సంబంధించినదై ఉండాలి. ఆ భయంతోనే, అక్కడికక్కడే వస్తువు ఇవ్వాలి. ఈ మూడింటిలో ఒక్కటి తగ్గినా అది మామూలు బెదిరింపు వసూలే. ఎదుట ఉండటమంటే ఎన్ని అడుగులు? ఆ ప్రశ్న వస్తుందని తెలిసే కింద ఒక వివరణ పెట్టారు. తక్షణ భయం పుట్టించగలిగినంత దగ్గర ఉంటే ఎదుట ఉన్నట్టే. కత్తికి ఒక దూరం, తుపాకికి ఒక దూరం. దూరాన్ని కొలిచే గజకర్ర భయమే అయింది. నిర్వచనాల్లో ఇంత పొదుపైన వివరణ నేను ఎక్కువగా చూడలేదు.

ఉదాహరణల్లో ఒక పిల్లవాడి జంట కథ ఉంది. మొదటి కథలో రోడ్డు మీద ఒకడు తండ్రి చేతిలోంచి బిడ్డను లాక్కుని, పర్సు ఇవ్వకపోతే లోయలోకి విసిరేస్తానంటాడు. తండ్రి ఇచ్చేస్తాడు. దోపిడీ. రెండో కథలో, నీ బిడ్డ మా ముఠా దగ్గరున్నాడు, పదివేలు పంపకపోతే చంపేస్తామని చెప్పి డబ్బు రాబడతారు. దోపిడీ కాదు, బెదిరింపు వసూలు. తండ్రి గుండె రెండో కథలోనే ఎక్కువ కాలం కొట్టుకుంటుంది, నిజమే. కానీ రెండో తండ్రికి పోలీసుల దగ్గరకు వెళ్లే వ్యవధి, పరుగెత్తే వ్యవధి, ఆలోచించే వ్యవధి కాస్తయినా ఉంది. మొదటివాడికి రెప్పపాటు లేదు. సెక్షన్ కొలిచేది బాధను కాదు, మనిషికి మిగిలిన వ్యవధిని. అందుకే రెండో కథ చివర, బిడ్డ తక్షణ మరణ భయం లేకుంటేనే అన్న మినహాయింపును కూడా జాగ్రత్తగా తగిలించారు.

ఈ రెండో కథ ఈ రోజుల్లో రోజూ మోగుతున్న ఫోను. వీడియో కాల్‌లో పోలీసు యూనిఫాం వేసుకుని, మీ పేరుతో మాదకద్రవ్యాల పార్సిల్ దొరికింది, డిజిటల్ అరెస్టులో ఉన్నారు అని, రిటైరైన మాస్టారిని రెండు రోజులు కెమెరా ముందు కూర్చోబెట్టి, జీవితకాలం దాచుకున్నది ఊడ్చేస్తారు. జనం దాన్ని దోపిడీ అంటారు. 309 కింద మాత్రం రాదు. మోసం, బెదిరింపు వసూలు కిందే పట్టుకోవాలి. అది లోపమని నేననను. బెదిరింపు వసూలుకు ఐపీసీలో మూడేళ్లున్న గరిష్ఠ శిక్షను కొత్త సంహిత ఏడేళ్లు చేసింది. ఆ బరువు అక్కడ పెట్టడమే సరి.

ఒక చిన్న అసమానత మాత్రం చాలాకాలం నన్ను తొలిచింది. దొంగతనం వైపు నిజంగా కొట్టడం, చంపడం, ఆపడం, భయపెట్టడం అన్నీ ఉన్నాయి. బెదిరింపు వైపు భయం ఒక్కటే ఉంది. కొట్టి ఇప్పించుకుంటే? మర్చిపోయారా? లేదు. తిన్న దెబ్బకు ఎవడూ పర్సు తీసి ఇవ్వడు, తినబోయే దెబ్బకు ఇస్తాడు. పడ్డ దెబ్బ పడిపోయింది, చేతిని జేబులోకి పంపేది రెండో దెబ్బ. కాబట్టి ఇచ్చే చోట భయం తప్ప ఇంకో కారణం రాయనక్కర్లేదు. లాక్కునే చోట మాత్రం దెబ్బ ఒక్కటే చాలు, భయపడే సమయం కూడా లేకుండా స్పృహ తప్పినవాడి జేబు తడిమినా దోపిడీయే.

శిక్షల మెట్లు త్వరగా ఎక్కేద్దాం, అక్కడ పనితనం తక్కువ. దోపిడీకి పదేళ్ల దాకా, సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ మధ్య హైవే మీద చేస్తే పద్నాలుగేళ్ల దాకా. ప్రయత్నానికి ఏడేళ్లు. గాయపరిస్తే యావజ్జీవం దాకా, కొట్టినవాడికే కాదు, దోపిడీలో చెయ్యి ఉన్న తోటివాళ్లకు కూడా. మారణాయుధం వాడితే ఏడేళ్లకు తగ్గకూడదు. వాడటమంటే పొడవనక్కర్లేదు, అవతలివాడు భయపడేలా చేతిలో పట్టుకుంటే చాలని సుప్రీంకోర్టు 1975లోనే చెప్పింది. అయితే ఆ కనీస శిక్ష ఆయుధం పట్టినవాడికే, పక్కన వట్టి చేతులతో నిలబడ్డవాడికి కాదు. ఐదుగురు, అంతకంటే ఎక్కువ మంది కలిసి చేస్తే దాని పేరు బందిపోటు, దానిదో వేరే లోకం. రాత్రి హైవేకు వేసిన ఆ అదనపు నాలుగేళ్లు ఎద్దుబండ్ల, పల్లకీల కాలానివి. లైట్లు వెలిగే ఔటర్ రింగ్ రోడ్డుకూ కొత్త సంహిత దాన్ని అలాగే మోసుకొచ్చింది. మొత్తం సెక్షన్లో నాకు వయసు కనపడేది అక్కడే.

కొత్త సంహిత దోపిడీ నిర్వచనాన్ని ముట్టుకోకుండానే ముట్టుకుంది. చరాస్తి నిర్వచనంలో ఐపీసీ, భౌతిక రూపం ఉన్న ఆస్తి అనేది. సంహిత ఆ భౌతిక అన్న మాట తీసేసింది. దోపిడీ సెక్షన్‌కు నాలుగు మైళ్ల దూరంలో జరిగిన ఈ మార్పు దాని లోపలికి నేరుగా వస్తుంది. కత్తి చూపి ఫోను లాక్కుని, బలవంతంగా వేలు నొక్కించి, దొంగే డబ్బు తన ఖాతాకు పంపుకున్నాడనుకోండి. ఖాతాలోని డబ్బు చేత్తో పట్టుకునే వస్తువు కాదు కాబట్టి, ఐపీసీ కింద దాన్ని దొంగతనం వైపు నుంచి పట్టడం కష్టం, బెదిరింపు వైపుకు తిప్పాల్సి వచ్చేది. ఇప్పుడు రెండు వైపులా వాదించే వీలు వచ్చింది. పిన్ నంబరు బాధితుడు చెప్పాడా, వేలు వాళ్లు నొక్కించారా అని తేల్చుకుంటూ కూర్చోనక్కర్లేదు.

ముట్టుకున్న చోట మాత్రం చెయ్యి అంత నేర్పుగా ఆడలేదు. 304వ సెక్షన్‌గా స్నాచింగ్ అని కొత్త నేరం పెట్టారు. దొంగతనం చేయడానికి హఠాత్తుగా గానీ, వేగంగా గానీ, బలవంతంగా గానీ లాక్కుంటే స్నాచింగ్. శిక్ష మూడేళ్ల దాకా, అంటే దొంగతనంతో సమానం. బైకు మీద వచ్చి గొలుసులు తెంపే బెడద మన పట్టణాల్లో తెలియనిది కాదు. దానికో పేరు కావాలన్న కోరికా అర్థమవుతుంది. కానీ బలవంతంగా అన్న మాట ఇక్కడ ఎందుకు? ఒంటి నొప్పి కూడా చట్టం దృష్టిలో గాయమే. మెడ మీద గొలుసు తెగేలా లాగితే నొప్పి పుట్టకుండా ఉండదు. 1866 నాటి నత్తు న్యాయం ప్రకారం అది నేరుగా దోపిడీ, పదేళ్లు. ఇప్పుడు అదే పనికి పక్కనే మూడేళ్ల తలుపు తెరిచి ఉంది. ఏ తలుపు తట్టాలో ఎఫ్ఐఆర్ రాసే ఎస్ఐ ఇష్టం. పాత సెక్షన్ అయితే ఆ ఇష్టాన్ని ‘ఆ పని కోసమే’ అన్న మాటలతో కట్టేసింది. కొత్తదాంట్లో హఠాత్తు, వేగం, బలం అని వరసగా మూడు మాటలు పెట్టారు, దేనికి ఏ పనో చెప్పలేదు. ఒక్క ఉదాహరణ కూడా ఇవ్వలేదు. ‘ఏ’ అనేవాడు బైకు మీద వచ్చి ‘జెడ్’ మెడలో గొలుసు తెంపగా మెడ గీరుకుపోతే అది ఏ నేరమో ఒక్క ముక్క రాసి ఉంటే మెజిస్ట్రేటు కోర్టుల్లో ఎన్నో బెయిలు వాదనలు తప్పేవి.